కామాల దాకా దిద్దిన వీడ్కోలు

1796 సెప్టెంబరు. అప్పటి అమెరికా రాజధాని ఫిలడెల్ఫియాలో ఒక పత్రికాధిపతికి కబురొచ్చింది, ప్రెసిడెంటు గారు ఒకసారి వచ్చి కలవమంటున్నారని. ఆయన పేరు డేవిడ్ క్లేపూల్. నడిపే పత్రిక క్లేపూల్స్ అమెరికన్ డైలీ అడ్వర్టైజర్. పేరు చెబుతున్నట్టే అది ప్రకటనల మీద బతికే దినపత్రిక. వెళ్ళేసరికి జార్జి వాషింగ్టన్ గదిలో ఒక్కడే ఉన్నాడు. పక్కన కూర్చోమన్నాడు. ఈ దఫా ముగియగానే పదవి నుంచి తప్పుకోవాలని తీర్మానించుకున్నానని, ఆ సందర్భంగా ప్రజలకు చెప్పదలచుకున్న మాటలు కొన్ని రాశానని, అవి మీ పత్రికలో రావాలని చెప్పాడు. క్లేపూల్ ఉబ్బిపోయి ధన్యవాదాలు చెప్పుకున్నాడు. మా పత్రిక నడిచే తీరు మీకు నచ్చబట్టే దీన్ని ఎంచుకున్నారని అనుకుంటున్నాను అని ఒక మాట కూడా కలిపాడు. దానికి వాషింగ్టన్ నోరు విప్పలేదు, ఔనన్నట్టు ఊరుకున్నాడు. ఎప్పటికి వేయగలరని మాత్రం అడిగాడు. సోమవారం అనుకున్నారు. మర్నాడు శుక్రవారం పొద్దున్నే కార్యదర్శి చేత రాతప్రతి పంపుతానన్నాడు.

ఈ సంగతులన్నీ క్లేపూల్ ముప్పై ఏళ్ళ తర్వాత, 1826లో, గుర్తు చేసుకుని రాసిపెట్టాడు. చరిత్రకారులు అందులోంచి తమకు కావలసినవి ఏరుకున్నారు. నాకు నచ్చింది వాళ్ళు దాటిపోయే ఒక చిన్న వాక్యం. మొదటి ప్రూఫును తనే రాతప్రతితో పోల్చి దిద్దాక, మరో ప్రూఫు తీసి ప్రెసిడెంటుకు పట్టుకెళ్ళాడట. అది దిద్దాక మళ్ళీ ఇంకొకటి. మాటల్లో ఆయన చేసిన మార్పులు బహు కొద్ది. విరామ చిహ్నాల దగ్గర మాత్రం ప్రతి చుక్కా పట్టి చూశాడట.

సైన్యాలు నడిపిన మనిషి, ఏడేళ్ళకు పైగా దేశం నడుపుతున్న మనిషి, తడి ఆరని ప్రూఫు ముందేసుకుని కామా ఎక్కడ పడాలి, సెమికోలన్ ఎక్కడ పడాలి అని కూర్చోవడం నాకు ముచ్చటగా ఉంటుంది. ఈ వ్యాసం ఆ ముచ్చటలోంచి వచ్చిందే.

మనం దీన్ని వాషింగ్టన్ వీడ్కోలు ప్రసంగం అంటాం. ప్రసంగం అన్నది పొరపాటు. ఆయన దాన్ని ఏ సభలోనూ చదవలేదు. పత్రిక కోసం రాసిన రాత అది, పత్రికలోనే పుట్టింది. వీడ్కోలు అన్న మాట కూడా ఆయన పెట్టింది కాదు, న్యూ హ్యాంప్‌షైర్‌లో ఒక పత్రిక దీన్ని తిరిగి అచ్చేసేటప్పుడు తగిలించిన శీర్షిక. క్లేపూల్ పత్రికలో పైన ఉన్నది సంయుక్త రాష్ట్రాల ప్రజలకు అన్న ఒక్క సంబోధన. దీన్ని రాజనీతి గ్రంథంగా చదివినవాళ్ళు బోలెడుమంది. ఒక మంచి వడ్రంగి చేసిన బల్లను తిరగేసి, కింద అతుకులు ఎలా వేశాడో చూసినట్టు దీన్ని చూడాలని నా కోరిక.

పత్రికలో వేయించాలన్న ఆలోచన నాలుగేళ్ళ పాతది. 1792లో మొదటి దఫా అయిపోవస్తున్నప్పుడే వాషింగ్టన్ తన సొంత ఇల్లు మౌంట్ వెర్నన్‌కు వెళ్ళిపోదామనుకున్నాడు. సెలవు మాటలు రాసిపెట్టమని జేమ్స్ మాడిసన్‌ను అడిగాడు. మాడిసన్ జూన్‌లో ముసాయిదా పంపుతూ, దాన్ని బయటపెట్టే దారి కూడా చెప్పాడు. కాంగ్రెస్‌ను మధ్యలో పెట్టకుండా నేరుగా ప్రజలకే, పత్రికల ద్వారా చెప్పండి. సెప్టెంబరు మధ్యలో అయితే ఎన్నికల లోపు దేశమంతా చేరుతుంది. ఆ ఏడు వాషింగ్టన్‌ను ఎవరూ వెళ్ళనివ్వలేదు. కాగితాలు సొరుగులో పడి ఉన్నాయి. 1796లో మళ్ళీ తీసినప్పుడు దారీ అదే, నెలా అదే.

మాడిసన్ లెక్క వెనుక టపా ఉంది. ఆ 1792 ఫిబ్రవరిలోనే పోస్టాఫీసు చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒక్క కాగితం ఉత్తరానికి దూరాన్ని బట్టి ఆరు సెంట్ల నుంచి పాతిక సెంట్ల దాకా పడేది. అదే పత్రికకు వంద మైళ్ళ లోపు ఒక సెంటు, ఆపైన ఒకటిన్నర. ఒక పత్రిక ముద్రాపకుడు మరో ముద్రాపకుడికి పంపే ప్రతికి అసలు ఖర్చే లేదు. ఆ ఒక్క వెసులుబాటు మీద దేశపు పత్రికా వ్యవస్థ మొత్తం నిలబడింది. టపా సంచీలో పక్క ఊరి పత్రికలు రాగానే ముద్రాపకుడు వాటిలోంచి పనికొచ్చేది కత్తిరించి తన కాలాల్లో కూర్చుకునేవాడు. దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు. విలేఖరులు లేని కాలంలో అదే విలేఖరి పని. 1790లో వందకు లోపున్న పత్రికలు 1800 నాటికి రెండు వందలు దాటాయి. కాబట్టి ఫిలడెల్ఫియాలో ఒక్క పత్రికకు ఇస్తే చాలు, మిగిలింది టపా బండ్లు చూసుకుంటాయి.

ఇక రాతపని. 1796 మే 15న వాషింగ్టన్ తన ముసాయిదాను న్యూయార్క్‌లో వకాల్తా చేసుకుంటున్న అలెగ్జాండర్ హామిల్టన్‌కు పంపాడు. అందులో మాడిసన్ రాసినదీ ఉంది, ఆ తర్వాత నాలుగేళ్ళ అనుభవం మీద తను కలిపినదీ ఉంది. రెండు దారులు చూపించాడు. ఇదే దిద్దు, లేదా పూర్తిగా కొత్తది రాయి. స్వంత గొప్పల్లా కనిపించేవి ఉంటే, అవి ఎంత న్యాయమైనవైనా తీసేయమన్నాడు. మొత్తం సాదా బట్టల్లో, నిజాయితీగా, అలంకారం లేకుండా జనం ముందుకు వెళ్ళాలన్నాడు. హామిల్టన్ రెండు దారులూ తొక్కాడు. కొత్తగా రాసింది జులై ఆఖర్లో పంపాడు, దిద్దింది ఆగస్టులో. రెండో పని చేసేటప్పుడు జాన్ జేను కూర్చోబెట్టుకుని పేరా పేరాకూ చదివి వినిపించాడు. ప్రెసిడెంటు సొంత రాతప్రతి మీద గీతలు పడకుండా సవరణలన్నీ వేరే కాగితం మీద రాసుకున్నారట. ఆ మర్యాద చూడండి.

ఇక్కడ ఒక విచిత్రం. హామిల్టన్, మాడిసన్, జే ముగ్గురూ ఎనిమిదేళ్ళ క్రితం రాజ్యాంగం తరఫున పబ్లియస్ అన్న ఒకే మారుపేరుతో న్యూయార్క్ పత్రికల్లో 85 వ్యాసాలు రాసినవాళ్ళు. 1796 వచ్చేసరికి మాడిసన్ హామిల్టన్‌కు ఎదుటి పక్షంలో ఉన్నాడు. అయినా ఆ ముగ్గురి చేతులూ ఈ కాగితం మీద పడ్డాయి. పార్టీ కక్షలు వద్దని చెప్పే రాతను పార్టీ కక్షలతో విడిపోయినవాళ్ళే కూర్చారు.

వాషింగ్టన్ రెండింటిలో హామిల్టన్ కొత్తగా రాసిన దాన్నే ఎంచుకున్నాడు. ఎంచుకుంటూ ఆయన పెట్టిన మొదటి సందేహం సిద్ధాంతం గురించి కాదు, జాగా గురించి. ఇది పత్రికకు మరీ పొడుగేమో, పెద్ద గెజెట్ కాలాలన్నీ కలిపినా ఇది పట్టదేమో, సరిగ్గా లెక్క కట్టలేదు గనుక నా అంచనా తప్పు కావచ్చు అని రాశాడు. ఈ ఉత్తరం చదివినప్పుడు నాకు ఆయన మీద ఉన్న విగ్రహపు గౌరవం పోయి, తోటి పనివాడి మీద ఉండే గౌరవం వచ్చింది. తన మాట ఎంత ఎత్తుకు వెళుతుందో కాక, ఎన్ని కాలాలకు వస్తుందో అడిగే రచయిత పత్రిక తెలిసిన రచయిత. నాకు తెలిసిన చాలామంది రచయితలకు ఈ ప్రశ్న జీవితంలో ఒక్కసారీ తట్టలేదు. సంపాదకుడు కోసినప్పుడు మాత్రం ఏడుస్తారు.

హామిల్టన్ లెక్క వేరు. వేసే రాత మన్నాలి, ఇవాళ ఎవరూ వేలెత్తి చూపలేనట్టుండాలి, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా నచ్చాలి అన్నాడు. మంచి కలప ఎంచే మనిషి మాట అది. ఈ ఇద్దరి లెక్కల మధ్య ఎన్ని ముక్కలు రాలిపోయాయో చూడండి.

మొదట రాలింది వాషింగ్టన్ కోపం. తన ముసాయిదాలో ఆయన పత్రికల మీద ఒక పేరా రాసుకున్నాడు. కొన్ని గెజెట్లు నా మీద నానా నిందలూ గుప్పించాయి, తెలియనితనం కొంత, అబద్ధం కొంత, నేను జవాబివ్వలేదు అన్న ధోరణి. ఆయన బాధలో న్యాయముంది. ఫిలడెల్ఫియాలోనే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ మనవడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ బాష్ నడిపే అరోరా పత్రిక ఆయన్ను ఏకి పెడుతుండేది. ఇంగ్లండుతో జే కుదిర్చిన ఒప్పందాన్ని ప్రభుత్వం దాచిపెడితే, 1795లో బాష్ దాన్ని సంపాదించి అచ్చేసి ఊరూరా అమ్మాడు. అంత మంట కడుపులో ఉండగా, ఆ మంట పుట్టించిన పత్రికా లోకంలోనే తన ఆఖరి మాట పెట్టాలి. ఆ పేరా ఉండి ఉంటే మర్నాటి పత్రికలన్నీ దాని మీదే పడేవి, మిగతాది ఎవరూ చదివేవారు కాదు. అది అచ్చుకు వెళ్ళలేదు. ఈ రాత మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్ప పనితనం అనిపించేది ఆ ఖాళీయే.

తర్వాత రాలింది దేశానికొక విశ్వవిద్యాలయం కావాలన్న ఆయన ముద్దు ఆలోచన. ఆఖరి నిమిషంలో దాన్ని చేర్చమని అడిగాడు. దానికి చోటు ఇది కాదు, కాంగ్రెస్‌కు ఇచ్చే సందేశంలో పెట్టండి అని హామిల్టన్ చెప్పాడు. ఆ డిసెంబరులో వాషింగ్టన్ అలాగే చేశాడు. ఇక్కడ మిగిలింది చిన్న ముక్క. చదువు వ్యాపించే సంస్థలను పెంచండి, ప్రజాభిప్రాయానికి బలమిచ్చే ప్రభుత్వంలో ఆ అభిప్రాయం తెలివి కలదిగా ఉండాలి అన్న తాత్పర్యం. రెండు మూడు వాక్యాలంతే. అరోరా మీద కోపంతో మొదలైన ముసాయిదాలో ప్రజాభిప్రాయం గురించి చివరికి నిలబడింది ఆ రెండు మూడు వాక్యాలు.

ఆఖరున తన చేత్తో శుభ్రప్రతి రాసుకుంటూ కూడా కొట్టివేతలు ఆపలేదు. నా పనుల వెనుక పదవీ కాంక్ష గానీ స్వలాభం గానీ లేవని చెప్పుకున్న పేరా ఒకటి ఉంది. దాన్ని కొట్టేసి, ఇది ఆత్మవిశ్వాసం లేనట్టుగానూ వట్టి డంబంగానూ కనిపించవచ్చని పక్కన రాసుకున్నాడు. మరోచోట దేశం ముక్కలవుతుందని కోపంలో నోరుజారేవాళ్ళ గురించిన పేరా, దాని పక్కన అంత ముఖ్యం కాదని గుర్తు. పనివాడు తనకు తాను ఇచ్చుకున్న ఈ చీటీలు నాకు అసలు పాఠం కన్నా ఇష్టం.

ఇంత కోసినా దాదాపు ఆరు వేల మాటలు మిగిలాయి. అవి ఎలా నడుస్తాయో చూద్దాం. మొదటి పేరా మొత్తం ఒకే వాక్యం. ఎన్నిక దగ్గర పడింది, ఎవరికి ఓటేయాలో మీరు ఆలోచించుకోవలసిన వేళ వచ్చింది, కాబట్టి చెప్పడం ధర్మం అంటూ వెళ్ళి వెళ్ళి, నన్ను లెక్కలోకి తీసుకోవద్దు అన్న అసలు సంగతి చిట్టచివర పెడుతుంది. క్రియ చివర్న వచ్చే మన తెలుగు వాక్యం నడక అది. ఇంగ్లీషులో దాన్ని సాధించడానికి కామాలు కావాలి, అవి ఎక్కడ పడాలో తెలిసి ఉండాలి.

ఆ తర్వాత కృతజ్ఞతలు, ప్రార్థనలు. అక్కడ ఒక మలుపు ఉంది. నేను ఇక్కడితో ఆపేయాలేమో అంటాడు. ఆపడు. మీ బాగు కోరే ఆరాటం ఆగనివ్వడం లేదంటూ అసలు విషయంలోకి దిగుతాడు. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులేసుకుని, అప్పుడు నిలబడి అసలు మాట చెప్పే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అప్పటిదాకా మర్యాదకు వింటున్నవాడు అక్కడ చెవి ఒగ్గుతాడు. ఆరు వేల మాటల రాతలో వార్త మొదటి పేరాలోనే చెప్పేశాక పాఠకుణ్ణి నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తోచదు.

ఐక్యత గురించిన భాగం ఈ పత్రికా వ్యాసానికి నడుము. ఉత్తరాది, దక్షిణాది, తూర్పు, పడమర అని దిక్కుకొక దిక్కుగా పిలిచి, ఎవరికి ఎవరితో ఏ లాభమో చెబుతాడు. దక్షిణాది పంట ఉత్తరాది కర్మాగారాలకు సరుకు, ఉత్తరాది ఓడలు దక్షిణాది వాణిజ్యానికి కాళ్ళు. పడమరకు కావలసినవి తూర్పు నుంచి, తూర్పు సరుకుకు బేరం పడమరలో. పాట్రిక్ హెన్రీ లాంటి వక్త అయితే ఇక్కడ చేతులెత్తి దేశమాతను పిలిచేవాడు. ఈయన అంగడి లెక్క చెప్పాడు. టపా సంచీలో దేశం నాలుగు మూలలకూ వెళ్ళే కాగితం ఇది. ఏ ఊళ్ళో ఎవడు చదివినా తన పేరు అందులో వినిపించాలి.

తర్వాత పార్టీ కక్షలు, అధికారాలు ఒకచోట చేరడం వల్ల వచ్చే ముప్పు, మతం, నీతి, అప్పులు. వీటిని ఆయన వేగంగానే దాటాడు, నేనూ దాటుతాను. విదేశాల భాగం దగ్గర మాత్రం ఆగాలి. ఒక దేశం మీద అదేపనిగా ద్వేషం పెంచుకున్నా, ప్రేమ పెంచుకున్నా ఆ జాతి ఒకరకంగా బానిస అవుతుందని అంటాడు. ఏ దేశం మీద ద్వేషం, ఏ దేశం మీద ప్రేమ? చెప్పడు. ఫ్రాన్సు పేరు రాత మొత్తంలో లేదు. ఏ పార్టీ పేరూ లేదు, ఏ పత్రిక పేరూ లేదు. 1796 పాఠకుడికి ఆ పేర్లు చెప్పనక్కర్లేదు, వాడే పూరించుకుంటాడు. పూరించుకున్నవాడిదే బాధ్యత. పేర్లు లేకపోవడం వల్లే ఇది ఆ ఎన్నికతో పాటు చచ్చిపోలేదు కూడా. చిక్కుముళ్ళ పొత్తులు వద్దన్న ప్రసిద్ధమైన మాట ఇందులోదే అని చాలామంది అనుకుంటారు. అది 1801లో కొత్త ప్రెసిడెంటు థామస్ జెఫర్సన్ అన్నది. వాషింగ్టన్ వద్దన్నది శాశ్వతమైన పొత్తులను.

పక్షపాతం లేదని నేను అనను. పేర్లు లేని ఆ వాక్యాల బాణాలన్నీ ఎదుటి పక్షమైన జెఫర్సన్ వర్గం వైపే తిరిగి ఉన్నాయి. అటువైపు వాళ్ళకు అది తెలుసు. ప్రకటించిన సమయం కూడా అమాయకమైనది కాదు, ఎదుటివాళ్ళు సర్దుకునే వ్యవధి తగ్గిపోయింది. పార్టీ పందెపు గుర్రాలు పరుగెత్తడానికి టోపీ కింద పడేసిన సంకేతంలాంటిదని మసాచుసెట్స్ నాయకుడు ఫిషర్ ఏమ్స్ ఆ నెలలోనే ఒక ఉత్తరంలో రాశాడు. ఆ పందెంలో వాషింగ్టన్ ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌కు 71 ఎలక్టోరల్ ఓట్లు, జెఫర్సన్‌కు 68.

ఇప్పుడు అచ్చుకూటంలోకి వెళదాం. క్లేపూల్ సామాన్యుడు కాదు. ఆయన పాత భాగస్వామి జాన్ డన్‌లాప్ 1776 జులై 4 రాత్రి స్వాతంత్ర్య ప్రకటనను అచ్చేసినవాడు. 1787లో రాజ్యాంగ సభ తలుపులు మూసుకుని చర్చిస్తున్నప్పుడు ముసాయిదాలు అచ్చేసింది ఈ ఇద్దరే. ఒక్క ముక్క బయటికి పొక్కలేదు. రాజ్యాంగ పాఠాన్ని మొట్టమొదట అచ్చేసిన దినపత్రిక కూడా వీళ్ళ పెన్సిల్వేనియా ప్యాకెట్, 1787 సెప్టెంబరు 19న. ఆ పత్రికే పేరు మారి క్లేపూల్ పత్రిక అయింది. సరిగ్గా తొమ్మిదేళ్ళకు, అదే తేదీన, వీడ్కోలు వచ్చింది. నోరు కట్టేసుకోగల ముద్రాపకుడు కావాలనుకుంటే వాషింగ్టన్‌కు వెతుక్కునే పని లేదు.

ఆరు వేల మాటలంటే, మధ్య ఖాళీలతో కలిపి నా లెక్కలో ముప్పై అయిదు వేలకు పైన సీసపు ముక్కలు. ఎడమ చేతిలో కంపోజింగ్ స్టిక్, కుడి చేత్తో కేసులోంచి ఒక్కొక్క అక్షరం ఏరి, తలకిందులుగా పేర్చాలి. చేయి తిరిగిన కంపోజిటర్ గంటకు వెయ్యి చిల్లర అక్షరాలు పేరుస్తాడు. ఒక్కడే చేస్తే ముప్పై గంటల పైచిలుకు, దిద్దుబాట్లు కాక. శుక్రవారం పొద్దున ప్రతి చేతికొచ్చింది, సోమవారం పత్రిక, మధ్యలో ఆదివారం. మన తెలుగు కంపోజిటర్లు ఈ లెక్క వింటే నవ్వుతారేమో. ఇంగ్లీషువాడికి పైకేసు, కిందికేసు రెండుంటే సంసారం నడిచిపోతుంది. గుణింతాలూ వత్తులూ ఉన్న మనవాడు చుట్టూ కేసులు పెట్టుకుని తిరగాల్సి వచ్చేది.

లోహంలో దిద్దడం ఎలా ఉంటుందో తెలిస్తేనే ఆ ప్రూఫుల కథ రుచి తెలుస్తుంది. ప్రతి వరుసా రెండు అంచులకూ బిగువుగా అతికి ఉంటుంది. ఒక పెద్ద మాట కొత్తగా చేర్చారంటే ఆ వరుస పట్టదు, కింది వరుసకు తోయాలి, అది ఆ కింది దాన్ని తోస్తుంది. పేరా చివరి దాకా విప్పి మళ్ళీ కట్టాలి. కామా అలా కాదు. మాటల మధ్య ఖాళీముక్క ఒకటి తీసి సన్నది పెడితే అదే వరుసలో ఇమిడిపోతుంది. మాటల పని కాగితం మీదే ముగించుకుని, ప్రూఫు మీద కామాలు మాత్రమే మార్చిన రచయిత కంపోజిటర్‌కు దేవుడిలా కనిపిస్తాడు. వాషింగ్టన్ అది తెలిసి చేసినా తెలియక చేసినా, ఆ శనాదివారాల్లో ఎవరో పనివాడు ఆయనకు దండం పెట్టుకుని ఉండాలి.

కామాల మీద ఆ పట్టు వట్టి చాదస్తం కాదు. అప్పట్లో పత్రికను ఒక్కడు కొని ఒక్కడే చదువుకునేది తక్కువ. సత్రంలో, టపా దగ్గర, ఒకడు పైకి చదివితే పదిమంది వినేవారు. వాషింగ్టన్ ఈ మాటల్ని ఎక్కడా పలకలేదు గానీ, దేశంలో వందల గొంతులు పలకబోతున్నాయి. ఆ గొంతులు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ ఆగాలో చెప్పడానికి ఆయన చేతిలో ఉన్నది ఆ చిన్న గుర్తులే.

పత్రిక నాలుగు పేజీల ఒకే కాగితం. ఆ కాలపు దినపత్రికలకు మొదటి, నాలుగో పేజీలు ప్రకటనలతో ముందే అచ్చయిపోతాయి. తాజా సంగతులు లోపలి వైపు, ఆఖరున. అందుకే వాషింగ్టన్ రాత రెండో పేజీలో మొదలై మూడో పేజీలోకి పాకింది. పతాక శీర్షిక లేదు, సంపాదకుడి వ్యాఖ్య లేదు. అదే రోజు ఆయన మౌంట్ వెర్నన్‌కు బయలుదేరాడు. సాయంత్రానికి ఫిలడెల్ఫియాలోని ఇతర పత్రికలు దాన్ని ఎత్తి వేసుకున్నాయి. తర్వాత పని టపాది.

ఆ పత్రిక కాలాల్లో ఇంకో సంగతి కూడా అచ్చయింది. నాలుగు నెలల ముందు, 1796 మే 25న, ఇదే క్లేపూల్ పత్రికలో ఒక ప్రకటన. ప్రెసిడెంటు ఇంటి నుంచి ఓనీ జడ్జ్ అనే యువతి పారిపోయింది, పట్టిస్తే పది డాలర్లు. ఆమె మార్తా వాషింగ్టన్ కింద బానిస. మే 21న ఇంట్లోవాళ్ళు భోజనానికి కూర్చున్న వేళ నడిచి వెళ్ళిపోయింది. స్వేచ్ఛ గురించి, ఐక్యత గురించి ముసాయిదా న్యూయార్క్‌కు వెళ్ళిన ఆరో రోజది. ఆ ఆరు వేల మాటల్లో బానిసత్వం అన్న ఊసే లేదు. కొట్టివేతలను మెచ్చుకుంటూ వచ్చినవాణ్ణి, అసలు రాయకుండా వదిలేసిన దాన్ని కూడా చూపించాలి. ఆమె దొరకలేదు. న్యూ హ్యాంప్‌షైర్‌లో బతికి, 1840లలో అక్కడి పత్రికవాళ్ళకు తన కథ తనే చెప్పింది.

ఇది ఎవరి రాత అన్న తగవు హామిల్టన్ పోయాక చాలా ఏళ్ళు నడిచింది. ఆయన భార్య ఎలిజబెత్ 1840లో ఒక వాంగ్మూలం ఇచ్చింది. వీడ్కోలు అచ్చయిన కొత్తలో దంపతులిద్దరూ బ్రాడ్‌వే మీద నడిచి వెళుతుంటే, ఒక ముసలి సైనికుడు ఎదురొచ్చి ఆ కరపత్రం కొనమని బతిమాలాడట. హామిల్టన్ కొన్నాడు. కొని, నా రాతనే నాకు అమ్ముతున్నానని ఈయనకు తెలియదు అని నవ్వాడట. ఆమె మాట నమ్ముతాను, కానీ తగవులో ఆమె పక్షం కాదు. బల్ల కోసినవాడు ఒకడు, చెప్పి చేయించుకున్నవాడు ఒకడు. ఏది వద్దో తేల్చినవాడు వాషింగ్టన్.

ఆ తేల్చడమంతా కనిపించేది రాతప్రతిలోనే. అచ్చు అయ్యాక క్లేపూల్ దాన్ని తిరిగి ఇవ్వబోతూ, వదులుకోవడానికి మనసు రావడం లేదన్నాడు. కావాలంటే ఉంచుకోమని వాషింగ్టన్ ఆయన చేతిలోనే పెట్టేశాడు. పుస్తకంలా కుట్టిన 32 పేజీలు. కొన్నిచోట్ల పేరాలకు పేరాలే కొట్టేసి ఉన్నాయి, కొన్నిచోట్ల వరుసల మధ్య ఇరికించిన మాటలు. క్లేపూల్ 1849లో పోయేదాకా దాన్ని దగ్గరే ఉంచుకున్నాడు. మరుసటి ఏడు ఫిలడెల్ఫియాలో వేలం వేస్తే, న్యూయార్క్ పుస్తకప్రియుడు జేమ్స్ లెనాక్స్ 2,300 డాలర్లకు పాడుకున్నాడు. ఇప్పుడది న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. లెనాక్స్ ఊరుకోలేదు. ఆ 1850లోనే సొంత ఖర్చుతో కొద్ది ప్రతులు అచ్చేయించాడు, గీతల కింద చదవగలిగినవన్నీ చదివించి, వాటితో సహా. డంబంగా కనిపిస్తుందని కొట్టేసిన పేరా, అంత ముఖ్యం కాదని పక్కన పెట్టిన పేరా, యాభై నాలుగేళ్ళ తర్వాత ఒక్కొక్క అక్షరంగా స్టిక్‌లోకి ఎక్కాయి. ఈసారి ప్రూఫు చూడడానికి ఆయన లేడు.